గోవర్ధనం కార్డు మీద ఐదు గోల్స్

మచిలీపట్నం,
12 జూన్ 2025

గోవర్ధనం బావకి,

మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నా చెవులు తప్ప అన్నీ బాగున్నాయి. ఎడమ చెవి పూర్తిగా మూతపడింది, కుడిది చుట్టపుచూపుగా పనిచేస్తోంది. అందుకే ఫోను మానేసి ఉత్తరాల్లో పడ్డాను. ఫోనులో నువ్వు నాకు వినపడేలా అరిస్తే మీ వీధి వీధంతా కమిటీ మెంబర్లవుతారు.

కమిటీ అన్నాను కదా, విషయం అదే. మన హార్బర్ యూత్ క్లబ్బుకి ఈ ఏడాదితో యాభై నిండుతున్నాయి. ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతున్న కుర్రాళ్లు హాల్ ఆఫ్ ఫేమ్ పెడదామన్నారు. హాలెక్కడుందిరా అని అడిగితే, హాలు లేదు, గ్యాలరీ పక్కన గోడ ఉందన్నారు. ఆ గోడకి నల్లరాయి ఫలకం బిగించి, ఆట మానేసిన పాతవాళ్లలో నలుగురి పేర్లు చెక్కిస్తారు. ఆగస్టు పదిహేనున ఆవిష్కరణ. ఎవరా నలుగురో తేల్చడానికి నన్ను చైర్మన్ని చేశారు. ముసలాడికి పని చెబితే ఆరోగ్యంగా ఉంటాడనుకున్నారేమో, నాకు బీపీ పెరిగింది.

మొదట వాట్సాప్‌లో చర్చ పెట్టాం. మూడో రోజుకల్లా వెంకటపతీ కొండలరావూ ఒకళ్ల వంశం ఒకళ్లు తవ్వుకున్నారు. గ్రూపు మూసేసి, బతికున్న పాత ఆటగాళ్లు ఇరవై ముగ్గురికీ పోస్టులో ఓటు కాగితాలు పంపాం. పేర్లు రాయాలి, ఎందుకో కారణం రాయాలి, సంతకం పెట్టాలి.

నా మాట చెబుతాను. డేవిడ్ రాజు ఉండి తీరాలి. వాడు జన్మలో ఒక్క గోలు కొట్టలేదని వెంకటపతి అంటాడు. నిజమే. కానీ గోల్‌కీపర్ని నేను. వాడు నా ముందు నిలబడ్డ పదకొండేళ్లలో నా దాకా రాకుండా ఆగిపోయిన బంతులెన్నో నాకు తెలుసు. రాని బంతుల్ని ఏ స్కోరు పుస్తకంలో రాస్తారు? వెంకటపతికి నలభై ఒక్క గోల్స్ ఉన్నాయి. అందులో పద్దెనిమిది పెనాల్టీలైనా కాదనలేం. కొండలరావు ఆట చూడటానికి పెడన నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. కానీ రెఫరీని తన్ని ఏడాది నిషేధం తెచ్చుకున్నాడు. ఆట చూడాలా గుణం చూడాలా అని కమిటీ రెండుగా చీలింది.

నీ దగ్గర మాత్రం చీలిక లేదు. 1985 డెల్టా కప్పు, మూడు మ్యాచీల్లో ఐదు గోల్స్, ఫైనల్లో కాకినాడ మీద ఆఖరి నిమిషంలో కొట్టిన గోలు. దాని మీద నువ్వొక పేజీ రాసి పంపు, ఆవిష్కరణ రోజు మైకులో చదివిస్తాం. చెల్లెమ్మ అరుణకుమారిని అడిగానని చెప్పు.

నీ
రామబ్రహ్మం


గుడివాడ,
20 జూన్ 2025

రామబ్రహ్మం బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం నాకంటే ముందు అరుణ చేతికి అందింది. నేను బజారు నుంచి వచ్చేసరికి ముదినేపల్లిలో వాళ్ల అక్కకి ఫోను చేసి చెప్పేసింది. మా అమ్మాయి లిఖిత విజయవాడ నుంచి తన స్కూలు పిల్లల్ని వ్యానులో తీసుకొస్తానంటోంది. హాల్లో గోడకున్న ఆనాటి పేపరు కటింగు పటాన్ని దింపి అద్దం తుడిచి మళ్లీ తగిలించారు. ఇంట్లో పెళ్లి సందడిలా ఉంది, నాకు మాత్రం అన్నం సహించడం లేదు. ఇకపై కవరు మీద 'సొంతం' అని రాయి.

బావా, నా పేరు తీసెయ్. మొహమాటానికి అనడం లేదు. మూడు మ్యాచీలు తీసేస్తే నా ఆట ఎంత? రెండు సీజన్లు, తొమ్మిది మ్యాచీలు, ఒక గోలు. అది కూడా గాలికి పోయిన బంతి. దానికి నల్లరాయి దేనికి? కొండలరావుని పెట్టు. రెఫరీని తన్నడం తప్పే, కానీ శిక్ష అనుభవించాడు. తప్పు చేసి శిక్ష పడనివాళ్ల కంటే నయం కాదా? లేదా నీ పేరే పెట్టు. పద్నాలుగేళ్లు ఆ గోలు ముందు కాపలా ఉన్నావు.

కొన్ని సంగతులు తెలుసుకోవాలని ఉంది. 1985 స్కోరు పుస్తకం ఇంకా ఉందా, ఎవరి దగ్గరుంది? ఫైనలు ఫోటో ఏదైనా బయటపడిందా? ఓటు కాగితాలు దివిసీమ వైపు కూడా వెళ్లాయా? ఊరికే అడుగుతున్నాను.

ఆ పేజీ రాయడానికి కూర్చున్నాను. తారీఖు వేసి లేచిపోయాను.

ఇట్లు
గోవర్ధనరావు


మచిలీపట్నం,
2 జూలై 2025

గోవర్ధనానికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. దివిసీమ వైపు వెళ్లాయా అని ఊరికే అడుగుతున్నావా? సత్తిబాబుకి వెళ్లిందా అని తిన్నగా అడగొచ్చుగా.

వెళ్లింది. పాత ఆటగాళ్ల పట్టీలో వాడి పేరు కూడా ఉంది. కుర్రాళ్లు పట్టీ చూసి అందరికీ పంపేశారు. నన్నడగలేదు.

నువ్వు మర్చిపోయినట్టు నటిస్తున్నావు గనక గుర్తుచేస్తాను. ఆ ఏప్రిల్లో నువ్వు పచ్చకామెర్లతో గుడివాడ ఆసుపత్రిలో పడుకున్నావు. రిజిస్ట్రేషను గడువు దాటింది, కొత్త కార్డు ఇవ్వరు. ఎదురుమొండి నుంచి వచ్చి గిలకలదిండిలో మేనమామ పడవ మీద పనిచేస్తున్న సత్తిబాబుని సముద్రపొడ్డున ఇసకలో ఆడుతుంటే చూసి, తీసుకొచ్చి, నీ కార్డు ఇచ్చి దింపాం. కార్డు మీద పేరూ తండ్రి పేరూ ఊరూ తప్ప ఫోటో ఎక్కడుంది అప్పట్లో? మనమొక్కళ్లమే చేశామా? కాకినాడ వాళ్లు ఆ రోజు ఎంతమందిని ఎవరెవరి పేర్ల మీద దింపారో వాళ్లకైనా గుర్తుందో లేదో. కార్డెవరిదో గోలు వాడిది. ఈ రూలు మనం పెట్టలేదు, మనకి ముందు నుంచీ మైదానంలో ఉన్నదే. కార్డిచ్చినవాడూ ఆడినవాడూ ఇద్దరూ ఒప్పుకున్నాక మధ్యలో పాపమేమిటి?

మరుసటేడు వాడికి సొంత కార్డు చేయించాను. రెండు మ్యాచీలు ఆడాడు, గోలు లేదు. మళ్లీ పడవెక్కి వాళ్లూరు వెళ్లిపోయాడు. పుస్తకంలో వాడి లెక్క అంతే, రెండు మ్యాచీలు, సున్నా గోల్స్. ఆ ఫైనలు ఆడినవాళ్లలో సత్తిబాబు కాక నేనూ డేవిడ్ రాజూ వెంకటపతీ మిగిలాం. మేం నోరు విప్పం.

ఇంకో మాట రాయక తప్పదు. ఆ ఐదు గోల్స్ సర్టిఫికెట్ మీద నీకు ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు చేసి నిరుడు దిగిపోయావు. ఆ సర్టిఫికెట్ కింద కెప్టెనుగా సంతకం నాది. ఇప్పుడు నువ్వు గోకితే ఎవరికి పుండు పడుతుందో ఆలోచించుకో. మానిన చోట గోరు పెట్టకు.

పేజీ రాసి పంపు.

రామబ్రహ్మం


గుడివాడ,
11 జూలై 2025

బావకి,

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. చదివి చించెయ్యి. లేదా నీ ఇష్టం.

కార్డిచ్చినవాడూ ఆడినవాడూ ఒప్పుకున్నారని రాశావు. నిజమే. ఆసుపత్రికి వచ్చి కప్పు నా మంచం మీద పెట్టారు. సత్తిబాబు కూడా వచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నాకప్పుడు ఏ తప్పూ తోచలేదు. జట్టు గెలిచింది, అంతే. నన్ను తొలుస్తున్నది అది కాదు.

1991లో వాడు మా ఆఫీసుకి వచ్చాడు. నేను చేరి ఏడాదిన్నర. అప్పుడు వాడికి పెళ్లి కుదిరిందట, సముద్రం మీదకి వెళ్లేవాడికి పిల్లనివ్వడానికి వాళ్లు వెనకాడుతున్నారట. రేవు దగ్గర కాపలా ఉద్యోగం ఒకటి పడింది, ఆటగాళ్లకి కొంచెం మొగ్గు చూపుతారని ఎవరో చెప్పారు. "మూడు మ్యాచీలూ నేను ఆడానని ఒక్క ముక్క రాసివ్వండి గోవర్ధనరావు గారూ, మీ ఉద్యోగం జోలికి నేను రాను" అన్నాడు. చేతిలో ఎండు రొయ్యల పొట్లం ఉంది, మా ఇంటికని తెచ్చాడు.

చుట్టూ నలుగురున్నారు. మా సూపరింటెండెంటు తలెత్తి ఏమిటన్నాడు. బావా, నేను "నువ్వెవరయ్యా, నాకు తెలీదు" అన్నాను. మూడు మాటలు. వాడు నా మొహం కాసేపు చూశాడు. "పొరపాటండి, వేరే గోవర్ధనరావు గారనుకున్నాను" అని, వాళ్లందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోయాడు. నన్ను కాపాడి వెళ్లాడు. పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. ఇంటికి తీసుకెళ్లాను. అరుణ వంకాయలో వేసి వండింది. తిన్నాను.

ఇప్పుడు చెప్పు, ఏ పేజీ రాయమంటావు? ఆ గోలు గురించి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. లిఖితకి చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పాను. మీ దగ్గర విన్న నాలుగు ముక్కలకి నా సొంత కల్పన అతికించి చెప్పి చెప్పి, ఒక్కోసారి నేనే కొట్టానేమో అనిపించేది.

ఆవిష్కరణ రోజు వాడు వస్తే? వచ్చి గుమ్మం దగ్గర నిలబడినట్టే నిలబడితే? రాకపోతే మాత్రం? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా బతుకు. నిజం చెబితే పెన్షన్ ఆపుతారేమో, కేసు పెడతారేమో తెలీదు. ఎవర్ని అడగాలో కూడా తెలీదు, అడిగితే చెప్పినట్టే గదా. వద్దు బావా. ఓట్లు ఎన్నొచ్చినా నా పేరు కొట్టెయ్. ఆరోగ్యం బాగాలేదని చెప్పు.

గోవర్ధనం


మచిలీపట్నం,
24 జూలై 2025

గోవర్ధనం బావా,

నీ ఉత్తరం చించలేదు. పన్నెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

నిన్న ఓట్లు విప్పాం. డేవిడ్ రాజుకి ఇరవై ఒకటి, నీకు పంతొమ్మిది, వెంకటపతికి పదిహేడు. నాలుగో చోటుకి నాకూ కొండలరావుకీ సమానంగా వచ్చాయి. నేను తప్పుకున్నాను. చైర్మను తన పేరు తనే చెక్కించుకుంటే ఊరు నవ్వుతుంది. గుణం చూడాలన్నవాళ్లు అలిగి కాఫీ తాగకుండా వెళ్లారు.

సత్తిబాబు కాగితం కూడా వచ్చింది. నేనే విప్పాను. దాని నకలు ఇక్కడ రాస్తున్నాను, అక్షరం మార్చలేదు.

"అయ్యా రామబ్రహ్మం గారికి, ఎదురుమొండి నుంచి సత్తిబాబు నమస్కరించి రాయునది. ఓటు కాగితం అందింది. నన్ను గుర్తు పెట్టుకున్నందుకు సంతోషం. నలుగురి పేర్లు రాయమన్నారు, నేను ఒక్కటే రాస్తున్నాను. గోవర్ధనరావు గారు. కారణం రాయమన్నారు. ఆయన ఆ కప్పులో ఆడిన ఆట నాకు బాగా తెలుసు. ఐదు గోల్సూ దగ్గరుండి చూశాను. ఆ పేరు రాయి మీద ఉండాలి. పెట్టినాక ఒకసారి మా ఆవిడని తీసుకుని వచ్చి చూసుకుంటాను. పడవ దిగి ఆరేళ్లయింది, వలలు బాగుచేసుకుంటున్నాను. ఇట్లు సత్తిబాబు."

బావా, ఈ కాగితం చదివాక మిగతా కమిటీవాళ్లు ఏం మాట్లాడుతున్నారో నాకు వినపడలేదు. ఈసారి చెవుల తప్పు కాదు.

నీ దగ్గర పెద్దరికంగా రూలు మాట్లాడాను. నేను చేసింది కూడా విను. ఆ మూడు రోజులూ ప్రాక్టీసులో వాణ్ణి ఎవరూ సత్తిబాబని పిలవకూడదని నేనే ఆర్డరు వేశాను. అలవాటు కావాలని. మొదట్లో గోవర్ధనం అంటే పలికేవాడు కాదు, తిట్టేవాణ్ణి. ఫైనలు అయ్యాక భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిప్పాం. జనం గోవర్ధనం గోవర్ధనం అని అరుస్తున్నారు. వాడు పైనుంచి చేతులూపుతున్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నిన్న రాలేదు.

రాయి చెక్కేవాడికి ఆగస్టు తొమ్మిదో తారీఖులోగా పేర్లు ఇవ్వాలి. నీ పేరు కొట్టేస్తే వాడి ఓటు కూడా కొట్టేసినట్టే. ఉంచితే నువ్వు రాసిందంతా అలాగే ఉంటుంది. నాకు తోచడం లేదు. సర్టిఫికెట్ మీద నా సంతకం ఉందని మొన్న నిన్ను బెదిరించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఎటు చెబితే అటు.

నీ
రామబ్రహ్మం


మచిలీపట్నం,
3 ఆగస్టు 2025

గోవర్ధనానికి,

నీ జవాబు లేదు. మనవడి చేత ఫోను చేయిస్తే చెల్లెమ్మ తీసి, ఆయన మాట్లాడరు అని పెట్టేసిందట. ఒంట్లో ఎలా ఉంది? నా ఉత్తరం వల్ల ఏదైనా అయిందా? రాయివాడు రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంటున్నాడు. రెండు ముక్కలు రాయి, నువ్వు బాగున్నావంటే చాలు, మిగతాది తర్వాత.

రామబ్రహ్మం


ఎదురుమొండి, దివిసీమ,
7 ఆగస్టు 2025

రామబ్రహ్మం బావకి,

బాగానే ఉన్నాను. సత్తిబాబు వాళ్ల అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పక్క ఇంటావిడ కొడుకు రేపు పొద్దున్నే బందరు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతాను.

అరుణకి నాలుగు రోజుల కిందట అంతా చెప్పాను. రొయ్యల సంగతితో సహా. ఆవిడ ఆ పటం దింపి బీరువాలో బట్టల కింద పెట్టింది. మూడో రోజు, "వెళ్లేది మీరొక్కళ్లే వెళ్లండి, నేను వస్తే నా వెనక దాక్కుంటారు" అంది. లిఖిత ఫోనులో ఏడ్చింది. తర్వాత, స్కూలు పిల్లల్ని మాత్రం తీసుకొస్తాను, ఎవరి గురించైనా సరే అంది.

నిన్న పామర్రు, అవనిగడ్డ మీదుగా బస్సులు మారి ఏటిమొగలో పంటు ఎక్కాను. ఏరు దాటుతున్నంతసేపూ వెనక్కి తిరిగిపోదామనే ఉంది. పంటు మధ్యలో దిగేది కాదు గనక వచ్చాను, ధైర్యముండి కాదు.

సత్తిబాబు వాకిట్లో వల పరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. లేచి కుర్చీ తెచ్చి, తుండుగుడ్డతో తుడిచాడు. వాళ్లావిడ సత్యవతమ్మ గారు బయటికొచ్చి ఎవరండీ అనడిగితే, "బందరు క్లబ్బు గోవర్ధనరావు గారే. చాలా పెద్ద ప్లేయరు" అన్నాడు. ఎగతాళి కాదు బావా. మర్యాదకి అన్నాడు. ఎగతాళి అయినా బాగుండేది.

ఆఫీసులో అన్న మాటకి క్షమించమని అడిగాను. "ఆ రోజు మీ పెద్దాయన ఎదురుగా ఉన్నాడు గదండీ. నేను సాయంత్రం ఇంటికి రావాల్సింది, నాదే తొందర" అన్నాడు.

కమిటీకి నిజం రాసిస్తానని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను, కంగారుపడ్డాడు. "వద్దండి, మీకు పెన్షన్ ఇబ్బంది. పైగా ఆ పేరు తీసేస్తే నేను ఆడిన మూడు మ్యాచీలూ ఎవరివీ కాకుండా పోతాయి. ఉండనివ్వండి, చూసుకుంటే నాకు తెలుస్తుంది గదా" అన్నాడు. పేరు తీసెయ్యడం కాదు సత్తిబాబూ, మార్చడం అని నచ్చచెప్పడానికి పొద్దుగూకింది.

అప్పుడు సత్యవతమ్మ గారు అందుకుంది. "అంటే ఈయన చెప్పింది నిజమేనాండీ? పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పాడు, బందరులో నేను కప్పు గెలిపించానని. పేపర్లో వేరే పేరు ఉందంట గదా అన్నాను. మా అన్నయ్యలు కోతలరాయుడని పేరు పెట్టారు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు." ముప్ఫై నాలుగేళ్లు.

ఆవిడ ఎదురుగా, వల పక్కన నిలబడి చెప్పాను. ఆ మూడు మ్యాచీల్లో నేను మైదానంలో లేను. ఆసుపత్రిలో ఉన్నాను. ఐదు గోల్సూ మీ ఆయనవి. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, అంతకంటే లేదు.

దీనితో రెండు కాగితాలున్నాయి. ఒకటి నా వాంగ్మూలం, పై మాటలే, తారీఖుతో. దాని కింద కెప్టెను సంతకానికి చోటు వదిలాను. నిన్ను బలవంతపెట్టను, కానీ అది లేకపోతే నా మాట ఒక్కటే అవుతుంది. రెండోది ఓటు కాగితం. నా ఓటు మొదట ఖాళీగా పంపాను, నువ్వు చూసే ఉంటావు. ఇప్పుడు దాని బదులు ఈ తెల్లకాగితం మీద ఒక పేరు రాశాను. నాకొచ్చిన పంతొమ్మిది ఓట్లూ ఆ ఐదు గోల్సుకి పడ్డవే, అవి ఎవరికి చెందాలో కమిటీని తేల్చమను. వెంకటపతి గొడవ చేస్తాడు. చెయ్యనీ.

భయం పోలేదు బావా. పెన్షన్ సంగతి ఏమవుతుందో తెలీదు.

నేను చెప్పడం అయ్యాక సత్యవతమ్మ గారు కాస్త దగ్గరికి వచ్చి కూర్చుని, "ఆ ఆఖరి గోలు ఏ కాలితో కొట్టారు?" అని అడిగింది. నలభై ఏళ్ల అలవాటు, నేను నోరు తెరిచాను. ఆవిడ అడిగింది నన్ను కాదు.

ఎడమ కాలట. నేను ఇన్నేళ్లూ కుడి కాలని చెప్పుకొచ్చాను.

గోవర్ధనరావు